ఊరికో ద్రాక్ష: ఆల్బా నుంచి ఎట్నా దాకా

అక్టోబరు సగం దాటాక ఆల్బా చేరాను. ఉత్తర ఇటలీలో, తురిన్ నగరానికి దక్షిణంగా పరుచుకున్న లాంగె కొండలకు ఇదే పెద్ద పట్టణం. బస్సు కొండ ఎక్కుతుంటే రెండు పక్కలా తోటలే. దోల్చెత్తో, బర్బేరా రకాల కోతలు అప్పటికే ముగిసి ఆకు పసుపు తిరుగుతోంది. ఇంకా కాయ మీద ఉన్నది నెబ్బియోలో ఒక్కటే. వసంతంలో అన్నిటికంటే ముందు చిగురించి, శరత్తులో అన్నిటికంటే ఆలస్యంగా పండే వంగడం ఇది. చిగురు మీద మంచు దెబ్బ, పండు మీద వాన దెబ్బ, రెండిటి భయమూ దీనికే ఎక్కువ. అందుకే ఇక్కడి రైతులు దక్షిణానికి తిరిగిన వాలులు, చలికాలంలో మంచు ముందుగా కరిగే నేలలు ఏరి దీనికి కేటాయించారు. నీడవాలులు, పల్లాలు మిగతా పంటలకు వదిలారు. కొండను చూస్తేనే ఎవరికి ఏ చోటు దక్కిందో తెలిసిపోతుంది.

ఇటలీ ప్రభుత్వ జాబితాలో వైన్ ద్రాక్ష వంగడాలు ఐదు వందలకు పైగా ఉన్నాయి. ఫ్రాన్స్ నుంచి బయల్దేరిన కాబెర్నే సావిన్యాన్, మెర్లో ప్రపంచమంతా పాకిపోయాయి. ఇటలీ వంగడాల్లో చాలావాటికి పొరుగు జిల్లాలోనే పేరు తెలియదు. కొన్నయితే ఒక్క ఊరికే పరిమితం. ఇన్ని రకాలు ఇన్నాళ్లు ఎలా నిలిచాయి, వాటిని నిలబెట్టింది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు తోటల్లోనే దొరుకుతుందని ఎర్ర వైన్ల దారి పట్టుకుని ఉత్తరం నుంచి దక్షిణానికి బయల్దేరాను.

మొదటి మజిలీ బర్బరెస్కో. తనారో నది పైన కొండ అంచున, పాతకాలపు బురుజు నీడలో ఒదిగిన చిన్న ఊరు. ఒక్కటే వీధి. ఆ వీధిలో చర్చికి ఎదురుగా రైతు సహకార సంఘం వారి వైన్ దుకాణం ఉంది. 1894లో దొమీత్సియో కవాత్సా అనే ఆయన, ఆల్బా వైన్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, ఊళ్లో తొమ్మిది మంది సాగుదారులను కూడగట్టి ఈ పనికి శ్రీకారం చుట్టాడు. అంతకుముందు ఈ ఊరి నెబ్బియోలో చాలావరకు పక్కనున్న బరోలో వైన్‌లో కలిసిపోయేది. ఫాసిస్టుల కాలంలో సంఘం మూతపడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పల్లెలు ఖాళీ అవుతుంటే, 1958లో ఫియొరీనో మరెంగో అనే మతగురువు పంతొమ్మిది కుటుంబాలను మళ్లీ ఒక్క తాటి మీదికి తెచ్చాడు. మొదటి మూడేళ్ల వైన్ చర్చి నేలమాళిగలోనే తయారైంది. నేటికీ ఆ సంఘం నెబ్బియోలో తప్ప మరో ద్రాక్ష ముట్టదు.

దుకాణంలో ఉన్నావిడ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టింది. ఒకటి అజీలి తోటది, ఇంకొకటి మోంతెస్తెఫానో తోటది. ఒకే ఊరు, ఒకే సంవత్సరం, ఒకే వంగడం, ఒకే చేతి పని. రెండిటి మధ్య నడిస్తే ఎంతో దూరం లేదు. రంగు రెండిటిదీ పలుచనే. అంచున ఇటుక ఛాయ. ఆ లేత రంగు చూసి నీరసమైన వైన్ అనుకుంటే నోట్లో పోసుకున్నాక తెలుస్తుంది, పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లను పట్టేసే వగరు. అజీలిలో ఎండిన గులాబీ పరిమళం ముందుకొస్తే, మోంతెస్తెఫానోలో ఆ వగరు గట్టిగా, చాలాసేపు నిలిచింది. నెబ్బియోలోను మరో దేశానికి తీసుకెళ్లి నాటినవారు ఉన్నారు. కానీ ఈ కొండల మీద పలికినట్టు అది మరెక్కడా పలకలేదన్నది వైన్ లోకంలో అందరూ ఒప్పుకునే మాట.

మర్నాడు బరోలో వైపు వెళ్లాను. బరోలో అనే పేరు వాడుకునే హక్కు పదకొండు ఊళ్లకే ఉంది. పడమరనున్న లా మొర్రా మట్టి మెత్తటి నీలిబూడిద రంగు సున్నపు బంక. అక్కడి వైన్ త్వరగా దారికొస్తుంది. తూర్పున సెర్రలూంగలో నేల వయసులో పాతది, గట్టిది. అక్కడి వైన్‌కు పదేళ్లయినా ఓపిక పట్టాలి. చట్టమే బరోలోను కోత తర్వాత 38 నెలలు ఆగమంటుంది. అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. 1980ల్లో ఇక్కడ ఇళ్లల్లో పెద్ద గొడవే నడిచింది. తాతల నాటి పెద్ద పీపాలు ఉండాలా, ఫ్రాన్స్ నుంచి తెచ్చిన చిన్న ఓక్ పీపాలు కావాలా అని తండ్రీకొడుకులు విడిపోయారు. కొత్త చెక్క వాసన వగరును త్వరగా మెత్తబరిచేది, విదేశీ మార్కెట్‌లో ధర పలికేది. ఇప్పుడు రెండు పక్షాలూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. నెబ్బియోలో వాసనను చెక్క వాసన మింగేయకూడదన్న దగ్గర అందరూ ఒక్కటయ్యారు.

ఈ కొండలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రోజు ఇక్కడ ఎకరం కొనడం కోటీశ్వరుల పని. ఇదే నేల మీద ఆకలి ఎలా ఉండేదో తెలియాలంటే ఆల్బా రచయిత బెప్పె ఫెనోల్యో 1954లో వెలువరించిన ‘లా మలోరా’ నవల చదవాలి. కౌలు బతుకులు, జీతానికి కుదిర్చిన కొడుకులు, పిడికెడు తిండి. యుద్ధం తర్వాత పిల్లలు తురిన్‌లో ఫియట్ ఫ్యాక్టరీకీ, ఆల్బాలో ఫెరేరో చాక్లెట్ల ఫ్యాక్టరీకీ వెళ్లిపోయారు. ద్రాక్ష సంతలో వ్యాపారి చెప్పిందే ధర. ఆ రోజుల్లో నెబ్బియోలో పీకేయకుండా ఉంచినవాళ్లకు అది లాభసాటి పంట అని ఎవరూ చెప్పలేదు. 1986లో ఈ కొండలున్న పీమోంతె సీమకే చెందిన కొందరు వ్యాపారులు చౌక వైన్‌లో మిథనాల్ కలిపితే ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇటలీ వైన్ పరువు పోయింది. ఆ దెబ్బతోనే దేశమంతా ఒక సత్యం గుర్తించింది. ఎక్కువ పండించి చౌకగా అమ్మే దారిలో గుంట ఉంది. తక్కువ పండించి, ఏ ఊరు, ఏ తోట, ఏ వంగడం అన్నది సీసా మీద నిజాయతీగా రాసే దారి ఒక్కటే మిగిలింది.

లాంగె నుంచి రైళ్లు మారుతూ దేశానికి ఈశాన్య కొసన ఉన్న ఊదినె, అక్కడి నుంచి చివిదాలె చేరాను. ఇది ఫ్రియూలి సీమ. స్లొవేనియా సరిహద్దు పక్కనే. యూద్రియో వాగు ఒడ్డున ప్రెపొత్తో అనే ఊరుంది. అక్కడి వంగడం పేరు స్క్యొప్పెత్తీనో. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే మిరియాల ఘాటు. ఊహించుకున్న వాసన కాదది. మిరియాల్లో ఉండే రోటుండోన్ అనే పదార్థమే ఈ ద్రాక్ష తొక్కలోనూ ఉంది.

ఈ వంగడం కథ వింటే మనసు కలుక్కుమంటుంది. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు, మన రైతులు పేనుబంక అనే పురుగుల బంధువు, 19వ శతాబ్దం చివర యూరప్ ద్రాక్ష వేళ్లన్నీ తినేసింది. ఇటలీలో దాన్ని మొదట 1879లో గుర్తించారు. పురుగును తట్టుకునే అమెరికా జాతి వేరుమూలం మీద యూరప్ కొమ్మను అంటుకట్టడం ఒక్కటే విరుగుడు. అలా తోటలన్నీ కొత్తగా నాటాల్సి వచ్చినప్పుడు ఏ కొమ్మ అంటుకట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఫ్రియూలి రైతులు చాలామంది మెర్లో వంటి ఫ్రెంచి రకాలు ఎంచుకున్నారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం ఈ పొలాల మీదుగానే నడిచింది. స్క్యొప్పెత్తీనో పెరళ్లల్లో, గట్ల మీద అక్కడో తీగ ఇక్కడో తీగగా మిగిలింది.

1970లో పావొలో రపూత్సి, దీనా రపూత్సి దంపతులు ప్రెపొత్తో దగ్గర చాల్లా లోయలో పొలం కొన్నారు. ఊరివాళ్ల నోట విన్న ఈ వంగడం కోసం పొరుగు తోటలన్నీ గాలించి, దొరికిన కొద్ది తీగల నుంచి కొమ్మలు తెచ్చి అంటుకట్టారు. అప్పటికి ప్రభుత్వం అనుమతించిన జాబితాలో ఆ పేరే లేదు. జాబితాలో లేనిది నాటితే నేరం. తాతల కాలం నుంచి ఆ ఊరి గట్టు మీద ఉన్న తీగ, సొంత ఊళ్లోనే చట్టవిరుద్ధమైన మొక్క అయింది. 1975లో ఆ సీమకే చెందిన నొనీనో అనే గ్రాప్పా మద్యం తయారీ కుటుంబం, అంతరించిపోతున్న స్థానిక వంగడాలను కాపాడిన రైతుకు ఒక బహుమతి నెలకొల్పింది. తొలి బహుమతి రపూత్సి దంపతులదే. దాంతో పత్రికలు మాట్లాడాయి, రాజకీయ నాయకులు కదిలారు, కొన్నాళ్లకు జాబితా మారింది. ఈ రోజు ప్రెపొత్తో వాలుల మీద స్క్యొప్పెత్తీనో ఆ ఊరి గౌరవ చిహ్నం.

నేను వెళ్లిన తోటలో యజమాని ముప్పై దాటని యువకుడు. వాళ్ల తాత కాలంలో ఇక్కడ ఏముండేదని అడిగాను. “మెర్లో వేసుకున్నారండి. దాన్ని అందరూ కొనేవారు. ఇప్పుడు మెర్లో కోసం మా ఊరు ఎవరూ రారు” అన్నాడు. దేశవాళీ వంగడం ఎందుకు పోతుందో, ఎందుకు తిరిగొస్తుందో ఆ రెండు మాటల్లోనే ఉంది.

అక్కడి నుంచి దక్షిణానికి, ఫ్లోరెన్స్ మీదుగా టస్కనీ సీమలోని కియాంతి కొండలకు. సైప్రస్ చెట్ల వరుసలు, ఆలివ్ తోటలు, రాతి ఇళ్లు చూసి ఇది ఎప్పటికీ ఇలాగే ఉందనిపిస్తుంది. కానీ ఇక్కడి ద్రాక్ష చరిత్రలో నిలకడ తక్కువ, రాజ్యం జోక్యం ఎక్కువ. 1716లో మెదీచీ వంశపు మూడో కోజిమో ప్రభువు కియాంతితో సహా నాలుగు వైన్ ప్రాంతాలకు హద్దులు గీసి శాసనం చేశాడు. ప్రపంచంలో వైన్ నేలకు చట్టం హద్దులు గీసిన తొలి సందర్భాల్లో అది ఒకటి. తర్వాత బ్రోల్యో కోట ప్రభువు బెత్తీనో రికాజొలి. ఏకమైన ఇటలీకి తొలి ప్రధాని కవూర్ లాంగె కొండల్లో గ్రిన్‌త్సానె ఊరికి మేయరుగా చేసి తోటలు చూసుకున్నవాడు. ఆయన తర్వాత ప్రధాని అయినవాడు ఈ రికాజొలి. ఆ దేశపు మొదటి ఇద్దరు ప్రధానులకూ తోట పని తెలుసు.

ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన రికాజొలి 1872లో రాసిన ఒక ఉత్తరంలో కియాంతికి కావలసిన పాళ్లు వివరించాడు. పరిమళం, బలం సాంజొవేజె అనే ఎర్ర ద్రాక్ష ఇస్తుంది. కనయోలో దాని కరుకుదనం తగ్గిస్తుంది. తెల్ల ద్రాక్ష మల్వాజియా, త్వరగా తాగే వైన్‌లో కొద్దిగా వేసుకోవచ్చు, నిల్వ ఉంచే వైన్‌లో మాత్రం వద్దు. ఇంత వివేకంగా చెప్పిన మాటను 1967 నాటి చట్టం గుడ్డి సూత్రంగా మార్చింది. ఎర్ర వైన్ కియాంతిలో పది నుంచి ముప్పై శాతం తెల్ల ద్రాక్ష తప్పనిసరి అంది. అదే సమయంలో ఊళ్లు కూడా మారిపోతున్నాయి. పండిన పంటలో సగం భూస్వామికి ఇచ్చే మెత్సద్రియా పాలు పద్ధతిలో కొత్త ఒప్పందాలను 1964లో చట్టం నిషేధించింది. పాలుకు సాగుచేసే కుటుంబాలు నగరాలకు వెళ్లిపోయాయి. గోధుమ, ఆలివ్, ద్రాక్ష ఒకే చేలో కలిపి పండించిన పాత పొలాలు పోయి, ట్రాక్టరుకు అనువైన వరుసల్లో ఎక్కువ కాసే రకాలు వచ్చాయి. గడ్డి అల్లిన గుండ్రటి సీసాలో పలుచటి పుల్లటి వైన్ ప్రపంచమంతా వెళ్లింది. పేరు పెరిగింది, విలువ పడిపోయింది.

రద్దా ఊరి దగ్గర మోంతెవెర్తీనె తోట ముందు చాలాసేపు నిలబడ్డాను. సెర్జో మనెత్తి అనే ఆయన 1977లో ఇక్కడ సాంజొవేజె తప్ప మరేమీ కలపకుండా ఒక వైన్ చేసి ‘లె పెర్గొలె తోర్తె’ అని పేరు పెట్టాడు. చట్టం ప్రకారం అది కియాంతి కాదు. కియాంతి గడ్డ మీద, కియాంతి ప్రాణమైన ద్రాక్ష ఒక్కదానితోనే చేసిన వైన్‌కు కియాంతి అనే పేరు దక్కలేదు. 1981లో ఆయన సాగుదారుల సంఘం నుంచే బయటికొచ్చాడు. అంతకుముందే 1971 పంట తిన్యనెల్లో వైన్‌ను అంతినోరి కుటుంబం కియాంతి పేరు లేకుండానే, మామూలు టేబుల్ వైన్ ముద్రతో అమ్మింది. మామూలు ముద్ర ఉన్న సీసాలు కియాంతి ముద్ర గలవాటికంటే ఎక్కువ ధర పలికాక చట్టం తల వంచింది. 1990ల మధ్యలో కియాంతి క్లాసికో అనే పేరుతో వచ్చే ఇక్కడి వైన్‌ను సాంజొవేజె ఒక్కదానితోనే చేయడానికి అనుమతి వచ్చింది. 2006 నుంచి తెల్ల ద్రాక్షను పూర్తిగా తీసేశారు. ఇప్పుడు కనీసం ఎనభై శాతం సాంజొవేజె ఉండాలి.

ఆ సాయంత్రం గయోలె ఊళ్లో చిన్న భోజనశాలలో రొట్టె, చిక్కుడు గింజల సూప్‌తో ఒక గ్లాసు కియాంతి క్లాసికో తీసుకున్నాను. పుల్ల చెర్రీ రుచి, సన్నటి వగరు, ఆలివ్ నూనె జిడ్డును తుడిచేసే పులుపు. విడిగా తాగితే కాస్త కటువుగా అనిపించేది, తిండి పక్కన చేరగానే సర్దుకుంది. ఇటలీ ఎర్ర వైన్లలో పులుపు, వగరు ఎక్కువెందుకని అడిగేవారికి జవాబు పళ్లెంలోనే ఉంది. అక్కడ వైన్ భోజనంలో భాగంగా ఎదిగింది.

సాంజొవేజె పుట్టుపూర్వోత్తరాల గురించి 2004లో జన్యు పరీక్షలు ఒక జవాబు ఇచ్చాయి. జనకుల్లో ఒకటి చిలియెజోలో, టస్కనీలో అందరికీ తెలిసిన రకం. రెండోది కలబ్రేజె ది మోంతెనువొవో, దక్షిణ ఇటలీ మూలాలున్న, దాదాపు మరుగునపడిన తీగ. ఆ లెక్కన టస్కనీ తన గుండెకాయగా చెప్పుకునే ద్రాక్షలో సగం రక్తం దక్షిణాదిది. ఉత్తరం వారు దక్షిణాన్ని చిన్నచూపు చూసిన చరిత్ర తెలిసినవారికి ఈ సంగతి ఆనందం కలిగిస్తుంది. నాకు కలిగింది.

దక్షిణానికి దిగుతూ ఉంబ్రియాలో మోంతెఫాల్కో దగ్గర కాసేపు ఆగాను. అక్కడి సగ్రంతీనో వగరుకు ఇటలీలోనే సాటి లేదు. పూర్వం ఆ వగరును మెత్తబరచడానికి పండును ఎండబెట్టి, ఈస్టర్ పండుగకు తీపి వైన్ చేసుకునేవారు. 1960ల నాటికి అంతరించే దశకు వచ్చిన ఈ వంగడాన్ని కప్రాయ్ కుటుంబం వంటి సాగుదారులు మిలాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల సాయంతో నిలబెట్టారు. 1992లో దానికి దేశపు అత్యున్నత వైన్ హోదా దక్కింది.

నేపుల్స్ నుంచి బస్సు లోపలి కొండల్లోకి, అవెల్లీనో జిల్లాకు తీసుకెళ్లింది. ఇర్పీనియా అంటారు ఈ సీమను. సముద్రతీరపు ఎండ ఇక్కడ లేదు. నాలుగైదు వందల మీటర్ల ఎత్తు, చలి, పొగమంచు, చెస్ట్‌నట్ అడవులు. ఇక్కడి ఎర్ర వంగడం అల్యానికో. నవంబరు వచ్చినా ఇంకా కోస్తూనే ఉన్నారు. తౌరాజి ఊరి పేరుతో వచ్చే వైన్ ఇదే. కనీసం మూడేళ్లు పక్వానికి రానిచ్చి గానీ అమ్మకూడదు. 1993లో ఈ వైన్‌కు అత్యున్నత హోదా వచ్చింది.

ఇక్కడి పాత తోటలు చూసి ఆశ్చర్యపోయాను. నూరేళ్లు దాటిన తీగలు, మనిషి చేయి అందనంత ఎత్తున నలువైపులా పందిరిలా అల్లుకుని ఉన్నాయి. మొదలు నా నడుమంత లావు. కింద కూరగాయలు, పైన ద్రాక్ష. అగ్నిపర్వతాల బూడిద కలిసిన ఇసుక నేలల్లో ఫిలోక్సెరా పురుగు బతకదు. అందుకని కొన్ని తీగలు అంటు లేకుండా సొంత వేళ్ల మీదే నిలిచాయి. ఆ పురుగు ఉత్తరాదిని, ఫ్రాన్స్‌ను నాశనం చేస్తున్న రోజుల్లో ఇర్పీనియా వైన్‌కు ఎక్కడలేని గిరాకీ. అవెల్లీనో నుంచి రొక్కెత్తా దాకా 1895లో తెరిచిన రైలు మార్గం మీద ఈ వైన్ పీపాలే నడిచాయి. 2010లో ఆ మార్గంలో మామూలు రైళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు అప్పుడప్పుడూ పర్యాటకుల రైళ్లు నడుస్తున్నాయి.

యుద్ధం తర్వాత ఇక్కడి రైతులకు వ్యవసాయ అధికారులు ఇచ్చిన సలహా, ఎక్కువ కాసే బయటి రకాలు వేసుకోండని. అత్రిపల్దా ఊరి వైన్ కుటుంబానికి చెందిన అంతోనియో మస్త్రొబెరర్దీనో ఆ సలహా వినలేదు. అల్యానికోనూ, ఫియానో, గ్రెకో అనే తెల్ల రకాలనూ పట్టుకుని కూర్చున్నాడు. 1980 నవంబరు 23 సాయంత్రం భూకంపం వచ్చి ఈ కొండల్లో దాదాపు మూడు వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఊళ్లకు ఊళ్లు కూలిపోయాయి. ఆ కుటుంబపు నేలమాళిగలూ దెబ్బతిన్నాయి. మళ్లీ కట్టుకున్నారు. 1990ల్లో పాంపేయి శిథిలాల్లో ప్రాచీన తోటలు తిరిగి నాటే పని పురావస్తు శాఖ ఈ కుటుంబానికే అప్పగించింది. బూడిదలో కుళ్లిపోయిన వేళ్లు వదిలిన ఖాళీల్లో అచ్చులు పోసి, రెండు వేల ఏళ్ల కిందట తీగలు ఎంత దూరాన నాటారో విల్హెల్మీనా యాషెమ్‌స్కీ అనే పురావస్తు శాస్త్రవేత్త అంతకుముందే కనుగొన్నారు. ఆ గుంటల్లోనే ప్యెదిరోస్సో వంటి స్థానిక ఎర్ర రకాలు నాటారు. 2001లో మొదటి పంట వచ్చింది.

తౌరాజి పక్క ఊళ్లో ఒక పెద్దాయన పాత తోట చూపిస్తూ, “ఇది కొట్టేసి వరుసలు వేస్తే డబ్బులిస్తామన్నారు బాబూ. మా నాన్న పోతే తప్ప కొట్టనన్నాను. ఆయన తొంభై దాటి బతికాడు. అప్పటికి ఈ తోట చూడ్డానికి జనం రావడం మొదలైంది” అన్నాడు. ఆయన పోసిన వైన్ నల్లటి ఎరుపు. ముదురు వగరు, పుల్ల రేగు రుచి, చివర పొగ వాసన. మరో పదేళ్లు ఆగాల్సిన వైన్ అది. ఆయన నవ్వి, మనవరాలి పెళ్లికి దాచానన్నాడు.

నేపుల్స్ నుంచి సిసిలీ వెళ్లే రైలును జలసంధి దగ్గర పెట్టెలు విడదీసి ఓడలోకి ఎక్కిస్తారు. అవతల మెస్సీనాలో మళ్లీ పట్టాల మీదికి. కతానియా చేరేసరికి ఎట్నా అగ్నిపర్వతం శిఖరం మీద పొగ. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలులో ఉత్తర వాలుకు వెళ్లాను. ఒక పక్క పచ్చటి తోట, ఆ పక్కనే నల్లటి లావా గుట్ట, మళ్లీ తోట. ఇక్కడి వంగడం నెరెల్లో మస్కలేజె. ఆ పేరుకు మూలమైన మస్కాలి ఊరిని 1928 నవంబరులో లావా పూడ్చేసింది. ఊరు మళ్లీ మరోచోట కట్టుకున్నారు. 1981లో లావా రందాత్సో పట్టణం అంచు దాకా వచ్చి, దారిలో తోటలను కప్పేసి ఆగింది.

ఒక్కో కాలంలో పారిన లావా ఒక్కో వయసు మట్టిగా మారింది. ఆ తేడాను బట్టి నేలను తునకలుగా గుర్తించి, ప్రతి తునకకూ పేరు పెట్టుకున్నారు. ఆ పేర్లనే ఇప్పుడు సీసాల మీద రాస్తున్నారు. తోటలు వెయ్యి మీటర్ల ఎత్తు దాకా ఉన్నాయి. తీగలకు దన్ను ఒక చెస్ట్‌నట్ గుంజ. యంత్రం తిరిగే వీలు లేదు, అంతా చేతి పనే. 19వ శతాబ్దంలో ఇక్కడి వైన్ రిపోస్తో రేవు నుంచి ఓడలకెక్కి, పలుచటి వైన్లకు బలం కలపడానికి ఉత్తరాదికి వెళ్లేది. గిరాకీ పడిపోయాక కూలీలు ఆస్ట్రేలియాకూ అమెరికాకూ వలస పోయారు. రాతి గట్లు కూలి, మెట్ల పొలాల్లో పొదలు పెరిగాయి. 1988లో జుసెప్పె బెనాంతి అనే ఔషధ వ్యాపారి, సాల్వో ఫోతి అనే వైన్ నిపుణుడితో కలిసి పాత తోటలు మళ్లీ పట్టించుకున్నాడు. 2000 తర్వాత బయటి నుంచి కూడా సాగుదారులు వచ్చారు. నేను తాగిన నెరెల్లో లేత ఎరుపు, సన్నటి వగరు, బూడిద వాసన. దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న నెబ్బియోలోను తలపించింది. రక్త సంబంధం మాత్రం సాంజొవేజెతో. జన్యు పరీక్షల ప్రకారం నెరెల్లో దాని బిడ్డే. రెండో వైపు చుట్టం మంతోనికో, కలాబ్రియా తెల్ల ద్రాక్ష.

ఈ దారంతా నడిచాక నాకు స్పష్టమైనది ఒకటే. వంగడం పురుగుతో పోదు. పురుగుకు అంటు ఉంది. అది లెక్కలోంచి తప్పిపోవడంతో పోతుంది. అధికారి జాబితాలో లేక, వ్యాపారి ధర కట్టక, తాగేవాడికి పేరు తెలియక పోతుంది. తిరిగి వచ్చిన చోటల్లా ముందు ఒక మొండి మనిషి ఉన్నాడు, వెనకాల ఒక ఊరు నిలిచింది, చివరికి ఆ పేరు అడిగి కొనేవాళ్లు తోడయ్యారు. ఈ మూడిటిలో ఏది లేకపోయినా తీగ నిలబడదు.

మనకూ ఒక లెక్క ఉంది. హైదరాబాద్ పేరు చెప్పగానే ఒకప్పుడు గుర్తొచ్చే ద్రాక్ష అనాబ్-ఎ-షాహీ. తినే ద్రాక్షే, వైన్‌ది కాదు. పెద్ద కాయ, పలుచటి తొక్క, తేనె రంగు. నగరం చుట్టూ పందిళ్ల మీద విరగకాసిన ఆ తోటల చోట ఇప్పుడు వెంచర్లు, అపార్టుమెంట్లు. సంతల్లో గింజలేని రకాలదే రాజ్యం. మరోవైపు సాంజొవేజె తీగ మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర ఫ్రతెల్లి తోటల దాకా వచ్చేసింది. కొత్త వంగడం రావడం మంచిదే. ఉన్నది పోకుండా చూసుకోవడం అంతకంటే అవసరం.

ఇటలీ వెళ్లేవారికి నా మాట ఒక్కటే. భోజనశాలలో పేరున్న సీసా అడగకండి. ఈ ఊరి ద్రాక్ష ఏదని అడగండి. పేరు నోరు తిరక్కపోయినా అదే తెప్పించుకోండి, భోజనంతో పాటే తీసుకోండి. ఇక్కడ మన మార్కెట్‌లో ద్రాక్ష కొనేటప్పుడు కూడా బండి అతన్ని రకం పేరు అడగండి. అనాబ్-ఎ-షాహీ కనిపిస్తే రెండు కిలోలు ఎక్కువే కొనండి. అడిగేవాళ్లు ఉన్నంతకాలమే ఏ వంగడమైనా తోటలో ఉంటుంది.